చాట్‌రూములో పెళ్లి

శేషగిరి గారు అబద్ధం మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకోరు. మఫ్లర్ సవరించుకుంటారు. ఆ ఊదారంగు మఫ్లర్ కుడి భుజం మీంచి ఎడమ భుజం మీదికి మారిందంటే, వినేవాళ్లు ఇంకో టీ చెప్పుకోవాల్సిందే.

ఆ ఆదివారం కూడా అంతే అయింది. జనవరి నెల. పది రోజుల పొగమంచు తర్వాత ఢిల్లీ జనానికి ఎండ మొహం కనిపించింది. అశోకా రోడ్‌లో మన భోజనం దొరికే చోట బయట అరవై మంది దాకా టోకెన్లు పట్టుకుని నిలబడ్డారు. లోపల ముద్దపప్పు, గోంగూర పచ్చడి, పొగలు కక్కే అన్నం. బయట ఫుట్‌పాత్ మీద ఒక చాయ్‌వాలా, ఒక చెక్క బల్ల. నంబరు పిలిచేసరికి గంట పట్టొచ్చు, గంటన్నర పట్టొచ్చు. నోయిడా నుంచీ గుడ్‌గావ్ నుంచీ మెట్రోలు మారి మారి వచ్చిన తెలుగువాళ్లు అంతమంది ఒకచోట చేరారు, కానీ ఒక్క తెలుగు మాట వినపడితే ఒట్టు. అరవై తలలూ ఫోన్లలోకి వంగిపోయి ఉన్నాయి.

శేషగిరి గారికి అది చూస్తే ఒళ్లు మండుతుంది. పైకి కనపడేది ఆ మంటే. లోపలున్నది వేరు.

ఆయనకి యాభై తొమ్మిది నిండాయి. బాపట్ల దగ్గర ఊరు, ఇక్కడ ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు, పెళ్లి చేసుకోలేదు. ఏప్రిల్ ఆఖరుకి రిటైర్మెంటు. క్వార్టరు ఖాళీ చేసి, అన్నగారింట్లో పైగదిలోకి సామాను చేర్చెయ్యాలి. అంటే ఢిల్లీలో ఇంకో పద్నాలుగు ఆదివారాలు. ఈలోపు ఒక మనిషి దొరకాలి. ఆ మనిషి పేరు ఆయనకి తెలియదు. మొహం తెలియదు. అప్పుడెక్కడుండేదో, ఇప్పుడెక్కడుందో తెలియదు. ఒకప్పుడు ఆరేళ్లపాటు రోజూ సాయంత్రం ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకా ఆమెతో చాట్‌రూములో మాట్లాడారు, అంతే. అక్కడ ఆమె పేరు కాఫీగింజ. ఈయన పేరు గోంగూర.

మొదట్లో ఉన్నదున్నట్టే అడిగేవారు. తెలుగువాళ్లు నలుగురు కనిపిస్తే చాలు, "ఏమండీ, ఢిల్లీ అరుగు అని ఒక చాట్‌రూము ఉండేది, మీరెప్పుడైనా అటు వచ్చారా?" అని. "అచ్ఛా?" అనేసి మళ్లీ ఫోన్లోకి వెళ్లిపోయేవాళ్లు. అప్పుడాయనకి కాఫీగింజ ఒకసారి చెప్పిన మాట గుర్తొచ్చింది: "నెట్‌లో సరైన జవాబు కావాలంటే ప్రశ్న వెయ్యకు గోంగూరా. తప్పు జవాబు పెట్టు. దిద్దడానికి పరిగెత్తుకుంటూ వస్తారు." ఆ రోజు నుంచీ శేషగిరి గారు తప్పు జవాబే పెడుతున్నారు. ఆ రూములో జరిగిన ఒక పెళ్లి కథ పట్టుకుని, అంకెలన్నీ మార్చేసి, కనపడిన ప్రతి గుంపులోనూ కోతలు కోస్తున్నారు. అక్కడున్నవాళ్లెవరైనా వింటే ఊరుకోలేరు, దిద్ది తీరతారు. కనీసం వాళ్ల ద్వారా విన్నవాళ్లయినా దిద్దుతారు. పద్నాలుగేళ్లయింది. "కోతలు" అన్నవాళ్లే గాని అసలు అంకె చెప్పినవాళ్లు ఇంతవరకూ లేరు.

మఫ్లర్ ఎడమ భుజం మీదికి మారింది.

"నేను చేయించిన పెళ్లి సంగతి మీకు చెప్పానా?" అన్నారు పక్కనున్న శివరామకృష్ణ గారితో, వరసలో చివరి మనిషికి కూడా వినపడేట్టు.

శివరామకృష్ణ గారు అదే శాఖలో అండర్ సెక్రటరీ, పదేళ్లుగా ఆదివారం భోజనానికి తోడు. "చెప్పారు. కిందటి వారమే చెప్పారు," అన్నారు.

"కిందటి వారం చెప్పింది క్లుప్తంగా. రెండువేల అయిదు, నవంబరు నెల. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో, ఇప్పుడు కలెక్టర్లని తయారుచేసే ఆ సందులోనే, ఒక పంజాబీ ఆయన నెట్ సెంటరు ఉండేది. తొమ్మిది కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, అడ్డానికో కర్టెను. మూలనున్న ఆరో నంబరు నాది, ఇంకెవరైనా కూర్చుంటే ఆయనే లేపేసేవాడు. ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని నెట్‌కి వెళ్లేవాణ్ని."

"చొక్కా ఎందుకంకుల్? అప్పుడు కెమెరా కూడా ఉండేది కాదు కదా," అంది ప్రీతి. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల, మొగుడు మనోహర్‌తో గుడ్‌గావ్ నుంచి వచ్చింది.

"మర్యాదమ్మా! నలుగురున్న చోటికి వెళ్తున్నాం కదా! అప్పుడు మనం నెట్‌కి వెళ్లేవాళ్లం, ఇప్పటిలా అది జేబులోకొచ్చి కూర్చోలేదు. ఆ నలుగురి కోసం ఒక రూము పెట్టాను, ఢిల్లీ అరుగు అని. దానికి పెద్దని నేను. రూములో రెండే రూళ్లు. ఒకటి, ఎవరి అసలు పేరూ ఊరూ ఎవరూ అడక్కూడదు, చెప్పకూడదు. నోరు జారితే ఆ క్షణమే గెంటేస్తా. రెండు, వెళ్లేటప్పుడు 'వెళ్లొస్తా' అని చెప్పి వెళ్లాలి. నేను 'మెల్లగా వెళ్లి రా' అంటేనే కదలాలి."

"బాగుంది. మరి పెళ్లేంది సార్?" అన్నాడు మనోహర్. వరంగల్ కుర్రాడు. ఫోన్ చేతిలోనే ఉంది గాని బొటనవేలు ఆగింది.

శేషగిరి గారికి ఒక బొటనవేలు ఆగితే చాలు.

"ఆ రూములో జీడిపప్పు అని ఒక కుర్రాడు, పూతరేకు అని ఒక అమ్మాయి. ధౌలా కువాన్ వైపు కాలేజీలో ఇద్దరూ చదువుకునేవాళ్లని తర్వాత తెలిసింది. రూములో కొట్టుకున్నారు, తిట్టుకున్నారు, బయటికెళ్లి ప్రేమించుకున్నారు. రెండిళ్లలోనూ ససేమిరా అన్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేసి ఆ సాయంత్రం నెట్‌కొచ్చారు. వచ్చి ఆ పిల్ల ఏం టైపు చేసిందో తెలుసా? 'పెళ్లయింది గాని మాకెవరూ అక్షింతలు వెయ్యలేదు' అని. నాకు రోషం వచ్చేసింది! 'ఎవరూ లేకపోవడమేంటమ్మా, అరుగు లేదా' అన్నాను. అప్పటికప్పుడు ముహూర్తం పెట్టేశా. ఏడూ ఇరవై. అందరూ స్టార్ గుర్తు నొక్కాలి, అవే అక్షింతలు. మనవాళ్లు పోగయ్యారు చూడూ, మూడొందల మంది!"

"ఒక్క రూముల మూడొందల మందా? ఎట్ల పడ్తరు?" అన్నాడు మనోహర్.

"మూడొందలు ఏడూ ఇరవైకి. నువ్వు ఏడున్నర దాకా ఆగవేం? మూడు వేలు! ఆస్ట్రేలియాలో అర్ధరాత్రి లేచి కూర్చున్నవాళ్లున్నారు. కువైట్‌లో డ్యూటీ వదిలేసి వచ్చినవాళ్లున్నారు. రూములో చోటు చాలక రెండొందల మంది గుమ్మం బయట నుంచున్నారు."

"చాట్‌రూముకి గుమ్మం ఎక్కడిదండీ?" అన్నారు శివరామకృష్ణ గారు.

"అప్పుడు పెట్టించా. ఇక అక్షింతలు మొదలయ్యాయి. స్టార్లు, స్టార్లు, తెర నిండా స్టార్లు! నేనొక్కణ్నే తొమ్మిది లక్షలు వేశా. నా కీబోర్డు మీద స్టార్ కీ ఎంత వేడెక్కిందంటే ఆ పంజాబీ ఆయన దాని మీద బ్రెడ్డు కాల్చుకున్నాడు. ఢిల్లీలో ఉన్న స్టార్ కీలన్నీ ఆ ఒక్క సాయంత్రానికి అరిగిపోయాయి. మర్నాడు నెహ్రూ ప్లేస్‌లో కొత్త కీబోర్డు కావాలంటే ఎమ్మెల్యే ఉత్తరం తెమ్మన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దేశంలోనే స్టార్లకి కరువొచ్చింది! పేపర్లో ప్రకటనలుంటాయి చూడండి, ఒక చిన్న స్టార్ పెట్టి, అడుగున 'షరతులు వర్తిస్తాయి' అని. ఆ స్టార్ పెట్టడానికి వాళ్ల దగ్గర స్టార్ లేదు. వారం రోజుల పాటు ఈ దేశంలో ఏ షరతులూ వర్తించలేదు! జనం షాపులకెళ్లి ఫ్రిజ్జులు ఊరికే పట్టుకొచ్చేశారు."

నలుగురైదుగురు పగలబడి నవ్వారు. ముందు వరసలో ఒకాయన చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. శేషగిరి గారు ఆ తీసిన ఇయర్‌ఫోన్లని చూశారు, తీసినాయన మొహం చూశారు. ఆ మొహంలో నవ్వుంది గాని, ఇదివరకు తెలిసిన సంగతి విన్న గుర్తు లేదు. టీ ఒక గుక్క తాగి ఇంకో మెట్టెక్కారు.

"ఇంతలో కరెంటు పోయింది."

"అరె!" అంది ప్రీతి.

"సరిగ్గా తాళి కట్టే వేళకి! మూడు వేల మంది తెరలకి కళ్లప్పగించి ఉన్నారు, పెద్దమనిషి లేడు. ఏం చెయ్యాలి? అప్పట్లో నెట్ కలవాలంటే మోడెం ఒక కూత కూసేది, గుర్తుందా? కీచుమని, బుర్రుమని, గరగరమని. ఆరేళ్లు విన్నానేమో, ఆ కూత నాకు నోటికొచ్చు. టెలిఫోన్ రిసీవరు తీశా, గుండెల నిండా ఊపిరి పట్టా, నోటితో కూశా. కలిసింది! నలభై నిమిషాలు, ఒకే ఊపిరి మీద, మూడు వేల మందిని నోటితో నెట్‌లో నిలబెట్టా. మంత్రాలు ముక్కుతో చదివా."

"జర ఒక్కసారి కూసి చూపెట్టుండ్రి సార్," అన్నాడు మనోహర్.

"ఇప్పుడు కూస్తే మీ ఫోన్లన్నీ చెడిపోతాయి నాయనా, వద్దు. ఆ తర్వాత భోజనాలు. మూడు వేల మందికీ పులిహోర అటాచ్‌మెంటులో పంపించా. ఫైలు తెరవగానే ఇంగువ వాసన! సందంతా తుమ్ములు. పై అంతస్తులో చదువుకుంటున్న పిల్లలు పుస్తకాలు మూసేసి విస్తరాకులు పట్టుకుని కిందికొచ్చేశారు. ఇక అప్పగింతలు చూడాలి. పూతరేకు 'వెళ్లొస్తా' అని టైపు చేసిందో లేదో, మూడు వేల మందీ బావురుమన్నారు. ఆ ఏడుపు నెట్‌లో కొట్టుకొచ్చి నా మానిటరు అడుగునుంచి కారడం మొదలెట్టింది. పంజాబీ ఆయన బకెట్ పెట్టాడు, ఇంకో బకెట్ పెట్టాడు, ఆఖరికి పంపు పెట్టి తోడించాడు. ఆ ఏడు యమునకి నవంబర్లో వరదొచ్చిందంటే ఎందుకొచ్చిందనుకున్నారు?"

ఇప్పుడు ఇరవై మంది దాకా బల్ల చుట్టూ చేరారు. చాయ్‌వాలాకి తెలుగు రాదు గాని అతను కూడా నవ్వుతున్నాడు. ఫోన్లు చేతుల్లోనే ఉన్నాయి, తలలు మాత్రం పైకి లేచాయి. ఈ తలలు పైకి లేచిన క్షణంలోనే శేషగిరి గారు అందరి మొహాలూ ఒక్కొక్కటిగా వెతుకుతారు. వెతికారు. ఎవరూ కాదు. మఫ్లర్ జారి ముందుకి వేలాడింది, ఆయన దాన్ని సర్దుకోలేదు.

"ఆ తర్వాత ఏమైంది సార్?" అన్నాడు మనోహర్.

ఆ ప్రశ్న ఎప్పుడూ ఆయనే వేసుకుంటారు. ఇంకొకరు వేసేసరికి కోత నోటికి అందలేదు.

"ఆ తర్వాత ఏముంది నాయనా, ఫోన్లొచ్చాయి," అన్నారు. "ముందు జీడిపప్పు కొన్నాడు. 'ఇక సెంటరుకి రానక్కర్లేదు గోంగూరా, బస్సులోంచే అరుగెక్కుతా' అన్నాడు. ఎక్కాడు, రెండు వారాలు. బస్సు దిగేవాడు, మాట మధ్యలో మాయమైపోయేవాడు. 'వెళ్లొస్తా' లేదు, ఏమీ లేదు. నేను 'జీడిపప్పూ, ఉన్నావా?' అని టైపు చేసి అరగంట చూస్తూ కూర్చునేవాణ్ని. తర్వాత ఒకళ్ల వెనక ఒకళ్లు. అందరికీ ఫోన్లు, అందరికీ సొంత పేర్లు, సొంత మొహాలు. పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మలు. వాళ్లెక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నారని నాకు తెలుసు. కానీ గదిలోకి రాకపోతే వాళ్లని ఎక్కడికెళ్లి పలకరించను? పేర్లు తెలియవే! సెంటరాయన కూడా కంప్యూటర్లు అమ్మేసి ఫోన్ కవర్లు పెట్టుకున్నాడు. ఆరో నంబరు మాత్రం నా కోసం ఉంచాడు, పాపం."

నవ్వులు ఆగాయి. శివరామకృష్ణ గారు తలెత్తి చూశారు. పదేళ్లుగా వింటున్న కథలో ఈ ముక్క ఆయనెప్పుడూ వినలేదు.

"చివరికి నేనూ ఇంకొకళ్లూ మిగిలాం. ఏడాదిన్నర, రోజూ ఏడింటికి, ఇద్దరమే. ఒక రోజు ఆవిడ, 'రేపు నీకో మాట చెప్పాలి, తప్పకుండా రా. వెళ్లొస్తా' అంది. 'మెల్లగా వెళ్లి రా' అన్నాను. మర్నాడు ఏడింటికి వెళ్తే రూము లేదు. కంపెనీవాళ్లు మూసేశారు. తెర మీద రెండు లైన్ల ఇంగ్లీషు, ఇన్నాళ్లూ ఉన్నందుకు థాంక్స్ అని. ముందు నెలంతా పైన చిన్న అక్షరాల్లో చెబుతూనే ఉన్నారట. ఆ చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? నేను ఆవిడ మాట చదువుకుంటున్నాను గాని." శేషగిరి గారు మఫ్లర్ కొసతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. తుడుచుకుని, గభాలున గొంతు పెంచారు. "సరే! మూసేస్తే ఊరుకున్నానా? ఏడు నెలలు ఆ తెర ముందు కాపలా కూర్చున్నా! అన్నం లేదు, నిద్ర లేదు. మూడు వేల మందిలో ఒక్కడైనా..."

"మూడు వేలు కాదంకుల్."

వరస వెనకనుంచి వచ్చింది ఆ మాట. ఇరవై మూడేళ్ల అమ్మాయి, వీపుకి పుస్తకాల సంచీ, సంచీ మీద ఓల్డ్ రాజిందర్ నగర్ కోచింగ్ సెంటరు బొమ్మ. ఇందాకటి నుంచీ గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్న పిల్లే. పేరు ప్రవల్లిక అని తర్వాత తెలిసింది.

"పదకొండు మంది," అంది. "పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కలిపి."

శేషగిరి గారి చేతిలో గ్లాసు ఉన్నచోటే ఉండిపోయింది. శివరామకృష్ణ గారు దాన్ని అందుకుని బల్ల మీద పెట్టారు.

"మీరు నోటితో కూత కుయ్యలేదు," అంది ప్రవల్లిక. దగ్గరికొస్తోంది, జనం తప్పుకుంటున్నారు. "కరెంటు పోయింది, నిజమే. నలభై నిమిషాలు పోయింది. మీరు తిరిగొచ్చేసరికి తాళి కట్టడం అయిపోయింది. మీరు చూడనే లేదు. దగ్గరుండి కట్టించింది వేరేవాళ్లు."

"ఇంకా?" అన్నారు శేషగిరి గారు.

"మీరు తొమ్మిది లక్షల స్టార్లు కాదు, ఒక్క స్టార్ కూడా వెయ్యలేదు. మీ ఆరో నంబరు కీబోర్డుకి కుడి పక్క స్టార్ కీ ఊడిపోయి ఉంది. ఎనిమిది అంకె మీద ఇంకో స్టార్ ఉంటుందని మీకు తెలియదు. ఊడిన కీ దగ్గర్లో ఉన్న ప్లస్‌లు కొట్టారు. 'మా మీద ఆసుపత్రి గుర్తులు చల్లుతున్నారేంటి' అన్నాడట పెళ్లికొడుకు."

ఫుట్‌పాత్ మొత్తం గొల్లుమంది. మనోహర్ బల్ల మీద కొట్టి కొట్టి నవ్వాడు. "ఏంది సార్, రూముకి పెద్ద మీరే, స్టార్ ఎక్కడుందో మీకే తెల్వదా!" శివరామకృష్ణ గారైతే పదేళ్ల బాకీ తీరినట్టు కళ్లు ఒత్తుకుంటూ నవ్వారు. శేషగిరి గారు ఆ నవ్వు మధ్యలో నిలబడి ఉన్నారు. పరువు పోయిన మనిషి మొహం అలా ఉండదు. పద్నాలుగేళ్లుగా ఆయన ప్రతి కోతా ఈ ఒక్క దెబ్బ తినడానికే కోశారు.

"నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు, నవ్వులు తగ్గాక.

"మా పిన్ని. నేను ఢిల్లీ బయల్దేరుతుంటే చెప్పింది. 'అక్కడెవరైనా చాట్‌రూములో పెళ్లి కథ చెప్పి, అంకెలన్నీ తప్పు చెబితే, ఆయన్ని దిద్దు' అంది. ఏడాదిన్నర నుంచీ ఇక్కడే ఉన్నా, నేను ఆదివారం ఎప్పుడూ రాను. ఈ రోజు టెస్టు వాయిదా పడితే వచ్చా. మా పిన్ని పేరు..."

"వద్దమ్మా!" శేషగిరి గారు రెండు చేతులూ అడ్డం పెట్టేశారు. "చెప్పకు. రూలు."

"రూము పోయి పద్నాలుగేళ్లయింది కదంకుల్."

"రూము పోయిందమ్మా. రూలు నేను పెట్టింది." అని, "బాగుందా?" అన్నారు.

"బాగుంది. మీరు తాళి కట్టించలేదన్నా గాని, ఇంకోటి కూడా చెప్పింది. ఆ రోజు చివర్లో ఒక్కొక్కరికీ పేరు పెట్టి, పదిమందికీ 'మెల్లగా వెళ్లి రా' అని చెప్పి, అందరూ వెళ్లాక దీపం ఆర్పింది మీరేనట. ఆ తర్వాత తనకి ఏ గ్రూపులోనూ ఎవరూ అలా చెప్పలేదంది."

శేషగిరి గారు బల్ల మీద కూర్చుండిపోయారు. ప్రీతి నీళ్ల సీసా ఇచ్చింది. ప్రవల్లిక ఫోన్ తీసి, వాట్సాప్‌లో పిన్ని పేరు కనపడకుండా పైన వేలు అడ్డం పెట్టి, "ఏం పంపమంటారు?" అంది.

"ప్లస్‌లు," అన్నారాయన. "ఒక అయిదు."

పంపింది. రెండు టిక్కులు పడ్డాయి. నీలంగా మారాయి. ఆ తర్వాత ఏమీ లేదు. మనోహర్ ఆయన భుజం మీంచి తొంగి చూస్తున్నాడు, ప్రీతి ఇటు నుంచి, ఇయర్‌ఫోన్లాయన అటు నుంచి. ఇరవై మంది ఒక్క ఫోన్ మీదికి వంగారు. ఎవరి ఫోన్లు వాళ్ల జేబుల్లోకి ఎప్పుడు వెళ్లిపోయాయో ఎవరూ చూసుకోలేదు. నెట్ సెంటర్లో పరీక్ష ఫలితాలు వచ్చే రోజు ఒక్క తెర ముందు ఇలాగే గుమిగూడేవాళ్లు.

ఫోన్ చిన్నగా మోగింది.

"ఇంకా ఆ కీ బాగు చేయించుకోలేదా?"

మనోహర్ ఈల వేశాడు. శేషగిరి గారు నవ్వబోయారు, నవ్వు రాలేదు, కన్నీళ్లొచ్చాయి. తుడుచుకోలేదు. "అడగమ్మా," అన్నారు. "ఆ రోజు 'రేపు ఒక మాట చెప్పాలి' అన్నావట, ఏమిటా మాట అని అడుగు."

ప్రవల్లిక అడిగింది. ఈసారి ఎక్కువసేపు పట్టింది. అవతలి మనిషి రాస్తున్నట్టు కనిపించింది, ఆగింది, మళ్లీ రాస్తున్నట్టు కనిపించింది. ఎండ నడినెత్తి మీదికొచ్చింది. లోపలి నుంచి ఎవరిదో నంబరు పిలిచారు, ఎవరూ వెళ్లలేదు.

"నా పేరు చెబుదామనుకున్నాను. చెబితే గెంటేస్తావుగా? రాత్రంతా ఆలోచించి, గెంటితే గెంటాడులే అని మర్నాడు ఏడింటికి వచ్చాను. రూము లేదు."

ఆ లైన్లు చదివి ఎవరూ నవ్వలేదు. శివరామకృష్ణ గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆ రెండు రూళ్లనీ ఎన్ని ఆదివారాలు ఎంత గొప్పగా చెప్పుకున్నారో శేషగిరి గారికి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఆ గర్వమే తన నోరు కట్టేసింది, ఆమె నోరూ కట్టేసింది. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. ఫోన్ల మీద అసలే లేదు.

"ఒకసారి ఇటివ్వమ్మా," అన్నారు.

ఫోన్ రెండు చేతులా అందుకుని, పైనున్న పేరు మీద తన వేలు అడ్డం పెట్టుకున్నారు. తల దువ్వుకున్నారు వేళ్లతో. చొక్కా కాలరు సరిచేసుకున్నారు. మనోహర్ నవ్వబోతే ప్రీతి మోచేత్తో పొడిచింది. లావు బొటనవేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, తప్పు కొట్టి చెరుపుకుంటూ, రెండు మాటలు రాశారు.

"గెంటను. చెప్పు."

పంపారు. టిక్కులు నీలంగా మారాయి. తెర మీద పైన, టైపు చేస్తున్నట్టు గుర్తు వచ్చింది.

"సైంతాలీస్!" అని లోపలి నుంచి కేక వినపడింది. నలభై ఏడు శేషగిరి గారిది. "అడతాలీస్! ఉన్‌చాస్!" నలభై ఎనిమిది మనోహర్ వాళ్లది, నలభై తొమ్మిది ఇయర్‌ఫోన్లాయనది. కేకేసినతను గుమ్మంలోకొచ్చి చూశాడు. ఎండలో ఒక్క ఫోన్ చుట్టూ ఇరవై మంది ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు, వాళ్లలో ఎవరూ తల తిప్పలేదు.